మొదట బోర్డు రాయించండి

ఇంట్లో రికార్డింగ్ స్టూడియో పెట్టాలనుకునేవాళ్లు మైకుతో మొదలుపెట్టి చెడిపోతారు. మైకు వీధిలో వాళ్లకు కనిపించదు, బోర్డు కనిపిస్తుంది. చేతిలో 30 వేలున్నాయనుకోండి, ముందు ఆరడుగుల ఫ్లెక్స్ కొట్టించండి. పేరులో డిజిటల్, హెచ్‌డీ, క్రియేషన్స్ అనే మూడు మాటలూ ఉండి తీరాలి. మధ్యలో మీ ఫోటో, కళ్లు మూసుకొని, మెడలో హెడ్‌ఫోన్స్‌తో. హెడ్‌ఫోన్స్ ఇంకా కొనలేదంటారా, ఫ్లెక్స్ షాపు పిల్లవాడి దగ్గర బొమ్మ ఉంటుంది, తగిలిస్తాడు. ప్రారంభోత్సవానికి కార్పొరేటర్ను పిలవండి. పాట ఎప్పుడొస్తుందని ఆయన అడగడు.

ఇంట్లో డబ్బు అడిగేటప్పుడు పెద్ద పేర్లు వాడాలి. రెహమాన్ 1992లో 'రోజా' పాటలు చేసింది ఇంటి పక్కన కట్టుకున్న సొంత స్టూడియోలోనే అని చెప్పండి. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద ఇంట్లో పాడుకున్నదే 1982లో 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా వచ్చిందని చెప్పండి. బిల్లీ ఐలిష్ అనే పిల్ల, వాళ్లన్న ఫినియస్ పడకగదిలో పాడిన పాటలకు 2020లో గ్రామీలు ఎత్తుకుపోయిందని చెప్పండి. అక్కడితో ఆపండి. ఆ అన్న ఒక్కో చరణాన్ని చెల్లెలితో ఎన్నోసార్లు పాడించి, అందులో బాగున్న ముక్కలు ఏరి అతికేవాడన్న సంగతి మాత్రం ఎత్తకండి. అది వింటే మీ నాన్న, 'అయితే ముందు పాడుడు నేర్సుకోరాదు' అంటాడు.

ఇంకో హెచ్చరిక. మీకు తెలిసినవాళ్లలో ఎక్కడో ఒక మాస్టారు ఉంటారు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తారు, మిగతా రోజులు పిల్లలకు పాఠాలు చెబుతారు. ఆయన్ని కదిలించారా, ఐదు నిమిషాల్లో మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లుతారు. "మైకును లాప్‌టాప్‌కు కలిపే రెండు ఇన్‌పుట్ల చిన్న ఇంటర్‌ఫేస్ తీస్కో తమ్మీ, ఐదారు వేలల్ల వస్తది. ఒక డైనమిక్ మైకు, చెవులు మొత్తం మూసే హెడ్‌ఫోన్, ఒక స్టాండు, రెండు వైర్లు. కీబోర్డు ఉన్నదే కద. సాఫ్ట్‌వేర్‌కు పైసలు పెట్టకు, ఆడాసిటీ ఫ్రీ. గదిల బొంతలు కట్టు. మిగిలిన పైసలు దాసుకో." 30 వేల పనిని 15 వేలకు దించేసే మనిషిని కళాకారుడని ఎట్లా అంటాం? ఈ వ్యాసం పొడుగునా ఆయన అడ్డు తగులుతూనే ఉంటారు. పట్టించుకోకండి.

గది సంగతికొద్దాం. రోడ్డు వైపు గదే కావాలి. నిజామాబాద్ వినాయక్‌నగర్‌లోనో బోధన్ రోడ్డు మీదో ఇల్లుంటే మీ అదృష్టం, బస్సు గేరు మార్చేది కూడా స్పష్టంగా వినిపిస్తుంది. కిటికీ తెరిచి పెట్టండి, లోపల స్టూడియో ఉందని పోయేవాళ్లకు తెలియాలి కదా. తర్వాత గదిని ఖాళీ చేయించండి. పరుపు, దుప్పట్లు, కర్టెన్లు, బట్టలు వేలాడే దండెం, అన్నీ అవతలికి. నున్నటి టైల్స్, నున్నటి గోడలు, నిలువుటద్దం మిగలాలి. మెత్తనివి శబ్దాన్ని మింగుతాయని, గట్టివి తిప్పికొడతాయని, గది నడుమ నిలబడి ఒక చప్పట కొట్టి చూడమని మాస్టారు అంటారు. టంగుమని దాని తోక వినిపించిందంటే ఆ తోక పాట నిండా ఉంటుందట, ఒకసారి పడ్డాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని శుభ్రంగా ఊడబెరకలేదట. ఊడబెరకమని ఎవరన్నారండీ? సినిమా హాలంత ఎకో ఇంట్లోనే ఉచితంగా వస్తుంటే!

గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించండి. ఆ అట్ట పలచనిది. పై స్వరాలను కాస్త చెదరగొట్టడమే తప్ప కింది స్వరాలను అది అంటుకోనైనా అంటుకోదు. బయటి లారీ మోత దర్జాగా లోపలికి నడిచొస్తుంది. చుట్టూ మూడు నాలుగు అంగుళాల రాతి ఉన్ని పలకలో, లేదంటే గోడకు కొంచెం ఎడంగా కట్టిన బరువైన బొంతలో అయితే గదిలో ఎకో మీద ఏమైనా పనిచేస్తాయట. కానీ బొంతలు కడితే వీడియోలో ఇల్లులా కనిపిస్తుంది, అట్టలు అతికిస్తే స్టూడియోలా కనిపిస్తుంది. ట్రేకు 30 గుడ్లు, మీకు కనీసం 40 ట్రేలు కావాలి. ఇంటిల్లిపాదీ 1200 గుడ్లు తినడం ఇవాళే మొదలుపెట్టండి.

గోడలంటే గుర్తొచ్చింది. నిజామాబాద్‌లో గోడను రికార్డింగ్‌కు వాడుకున్న ముచ్చట పాతదే. నిజాం కాలంలో మన ఖిల్లా జైల్లో ఉన్నప్పుడు దాశరథి కృష్ణమాచార్య బొగ్గుముక్కతో గోడ మీద పద్యం రాశారు. మొత్తం ఖర్చు ఒక బొగ్గుముక్క. తెలంగాణకంతా అది నోటికొచ్చింది. ఇలాంటి ఉదాహరణలు మన లైనుకు మంచివి కావు, పిల్లల ముందు ఎత్తకండి.

గది ఖాళీ చేయించేటప్పుడు ఇనప బీరువాను మాత్రం కదిలించకండి. తలుపు కాస్త వదులుగా ఉంటే మరీ మంచిది. కీబోర్డు మీద ఎడమ చేతి వైపు కింది మెట్టు ఒకటుంటుంది, దాన్ని స్పీకర్లో మోగించినప్పుడల్లా బీరువా తలుపు 'జ్ర్‌ర్' మని తానూ పలుకుతుంది. ఒక్కో మెట్టూ నొక్కుకుంటూ పోయి అది ఏదో పట్టుకోండి. పట్టుకున్నాక, ప్రతి పల్లవిలోనూ రెండుసార్లయినా ఆ మెట్టు మీదికి వచ్చేట్టు పాట కట్టండి. హ్యాంగర్ల మోత అదనం.

ఏ వేళకు రికార్డు చేయాలన్నది జాతకం చూసినట్టు చూడాలి. పొద్దున ఏడింటికి మున్సిపాలిటీ చెత్తబండి తన పాట తాను పెట్టుకొని వస్తుంది. ఎనిమిదింటికి కుక్కరు. పక్కింటి బోరు మోటారు ఎప్పుడేస్తారో పక్కింటాయనకే తెలుసు. సాయంత్రం ఆరున్నరకు గుడి మైకు, మసీదు మైకు, ఆదివారమైతే చర్చి మైకు, ఊరేగింపుల నెలలో డీజే. కాబట్టి సాయంత్రం ఆరున్నరే సరైన ముహూర్తం. ఊరంతా మీ పాటలో భాగస్వాములవుతారు. రాత్రి రెండు దాటాక ఊరు సద్దుమణుగుతుందని, అప్పుడు అరగంటలో పని అయిపోతుందని మాస్టారు అంటారు. ఆ వేళ పాడేవాళ్లను మన వైపు వేరే పేరుతో పిలుస్తారు.

నిశ్శబ్దం విషయంలో బోధన్ వాళ్లకు ప్రభుత్వాల సాయం ఎక్కువే అందింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన శక్కర్‌నగర్‌లో ఒకప్పుడు ఇంట్లో పాట రికార్డు చేయడమంటే మాటలా? క్రషింగ్ సీజన్ వచ్చిందంటే చెరుకు బండ్లు, ట్రాక్టర్లు, లారీలు, షిఫ్టు మారే వేళ సైకిళ్లు. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చెప్పుకున్న చోట నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికిచ్చారు. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి తాళం వేశారు. మిల్లు మోత మొత్తం ఒకేసారి బంద్. ఒక ఊరికి ఊరినే సౌండ్‌ప్రూఫ్ చేసిన పథకం దేశంలో ఇంకోటి ఉంటే చెప్పండి. కార్మికులు మాత్రం బకాయిల గురించే మాట్లాడతారు, గాయకుల కోణం నుంచి ఆలోచించరు. ప్రతి ఎన్నికల ముందూ ఫ్యాక్టరీ మళ్లీ తెరిపిస్తామని నాయకులు మాటిస్తారు. ఆ లెక్కన శక్కర్‌నగర్‌లో స్టూడియో పెట్టేవాళ్లకు ఇంకా కొంతకాలం నిశ్శబ్దానికి ఢోకా లేదు.

మే నెలలో అయితే కూలర్ ఆన్ చేసుకునే పాడండి. 44 డిగ్రీల ఎండలో కూలర్ ఆపి పాడమనేది మనిషి చేసే పనేనా? సీలింగు ఫ్యాన్ ఐదు మీద ఉండాలి. దాని గాలి నేరుగా మైకు మీద పడి బుస్సుబుస్సుమంటుంది. పాటలో సముద్రం గురించి ఒక లైను రాసుకుంటే సరిపోతుంది.

ఇక మైకు. బీఎం-800 అనే పేరుతో ఎన్నో కంపెనీలు అమ్మే కండెన్సర్ కిట్ ఒకటుంది. బంగారు రంగు జాలీ, కత్తెర స్టాండు, నల్ల స్పాంజి, వీ8 అనే సౌండ్ కార్డుతో కలిపి రెండు మూడు వేలకు ఇంటికొస్తుంది. వీ8 మీద నవ్వుకు ఒక బటన్, చప్పట్లకు ఒక బటన్ ఉంటాయి. 12 వేల ఇంటర్‌ఫేస్ మీద చప్పట్ల బటన్ ఉందా? లేదు. కళాకారుడికి ఏది అవసరమో ఎవరికి తెలుసో ఇక్కడే తేలిపోయింది. కండెన్సర్ మైకులో రేకు మీద చార్జి నిలవాలి, దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి అంటారు. లాప్‌టాప్ మైకు రంధ్రంలో గుచ్చితే అందేది ఐదు వోల్టులలోపే. అందుకే గొంతు వెనక్కి పోయి, వడ్లు చాటలో పోసినట్టు సన్నని హిస్సు ముందుకొస్తుంది. పెద్ద కండెన్సర్‌కు ఇంకో గుణం, అది గదిని మొత్తం వింటుంది. పక్క గదిలో టీవీ సీరియల్‌లో అత్త ఏమన్నదో కూడా రాసుకుంటుంది. 1966 నుంచి మైదానాల్లో, వేదికల మీద దెబ్బలు తింటూ బతికిన ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకు దగ్గరి నోటినే ఎక్కువగా వింటుంది, అందుకే నిశ్శబ్దం లేని ఇళ్లకు అది మేలని మాస్టారి వాదన. మన ఇల్లు నిశ్శబ్దంగా లేదని ఒప్పుకోవడమే కదా అది?

ఇలాంటి కండెన్సర్ మైకుకు పాడాల్సింది పక్క నుంచి, కంపెనీ గుర్తున్న వైపు నుంచి. మీరు మాత్రం నాయకులు మీటింగుల్లో చేసినట్టు దాని నెత్తి మీద నోరు పెట్టి పాడండి. ఒక జానెడు దూరం ఉంచి, మధ్యలో పలచని గుడ్డ అడ్డం కట్టమంటారు. ఎంబ్రాయిడరీ చక్రానికి పాత నైలాన్ సాక్స్ లాగి కడితే అదే పాప్ ఫిల్టరట, ఖర్చు సున్నా. ఖర్చు సున్నా అయిన వస్తువును స్టూడియోలో పెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? గుడ్డ వద్దు. భ, ఫ, ప వచ్చినప్పుడల్లా మైకులో బాంబు పేలాలి. భక్తి పాటలకు ఇది మరీ బాగుంటుంది.

కీబోర్డు దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి. మన వైపు ఏ కంపెనీదైనా దాన్ని 'క్యాషియో' అంటారు, పియానో అన్నా అదే. దానికి 61 మెట్లు, వెనక ఒక హెడ్‌ఫోన్ రంధ్రం, చాలావాటికి యూఎస్‌బీ రంధ్రం కూడా ఉంటాయి. ఈ రెండింటినీ దుమ్ము పడకుండా టేపు వేసి మూసేయండి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక వైరు ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కు లాగితే కీబోర్డు శబ్దం కల్తీ లేకుండా నేరుగా లోపలికి పోతుంది, గదితో పని లేదు. అదే చిక్కు. గదికి అంత ఖర్చు పెట్టాం కదా! కీబోర్డు స్పీకరు ముందు ఫోను ఆనించి రికార్డు చేయండి. స్వరంతోపాటు వేళ్లు మెట్ల మీద పడే టకటక, పెడల్ తొక్కినప్పుడు కిర్రుమనేది కూడా వస్తాయి.

యూఎస్‌బీ సంగతి ఇంకా ప్రమాదం. ఆ రంధ్రం నుంచి పోయేది శబ్దం కాదు, మిడి. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారో లెక్క. 1983 నుంచి అన్ని కంపెనీలూ ఒకే భాషలో రాస్తున్న చిట్టా అది. ఒక మెట్టు తప్పు నొక్కితే తర్వాత మౌస్‌తో లాగి సరిచేయొచ్చు. వాయించింది వాయించినట్టే ఉంచి పియానో తీసి వీణ పెట్టుకోవచ్చు. శ్రుతి అరమెట్టు దించొచ్చు. తప్పు దిద్దుకునే వీలుంటే ఇక మనిషికి భయభక్తులెక్కడివి? తప్పు వాయిస్తే పాట మొత్తం మొదటినుంచి వాయించండి. 

ట్రాన్స్‌పోజ్ బటన్ సంగతి కీబోర్డు వాళ్లందరికీ తెలుసు, పైకి ఎవరూ చెప్పరు. సి స్కేలు ఒక్కటే నేర్చుకొని, పాడేవాళ్ల శ్రుతిని బట్టి ఆ బటన్ పైకీ కిందికీ నొక్కి, ఏళ్లకేళ్లు పెళ్లిళ్లలో నెట్టుకొస్తున్నవాళ్లున్నారు. మంచి విద్య. దీన్ని రికార్డింగ్‌కు తగ్గట్టు మెరుగుపరచాలంటే, పోయినసారి పాటకు రెండు పెంచి పెట్టిన ట్రాన్స్‌పోజ్‌ను అట్లాగే వదిలేసి ఈ పాట మొదలుపెట్టండి. గాయనికి గొంతు అందదు. అందకపోతే ఆమె సాధన తక్కువని చెప్పండి.

పాడేటప్పుడు హెడ్‌ఫోన్ వద్దు, జుట్టు చెదురుతుంది. కీబోర్డు ట్రాకును పెద్ద సౌండ్ బాక్సుల్లో పెట్టి, దాని ముందు నిలబడి పాడించండి. గొంతు ట్రాకులో కీబోర్డు, కీబోర్డు ట్రాకులో మళ్లీ కీబోర్డు. తర్వాత గొంతు ఒక్కటే పెంచుదామంటే రెండూ కలిసే పెరుగుతాయి, ఉమ్మడి కుటుంబం. ఒకవేళ హెడ్‌ఫోన్ పెట్టక తప్పదంటే సాఫ్ట్‌వేర్‌లో బఫర్ 2048 మీద ఉంచండి. 44,100 శాంపిళ్ల లెక్కన అది దాదాపు 46 మిల్లీసెకన్లు. పోయేటప్పుడు కొంత, వచ్చేటప్పుడు కొంత కలిపి, మీరు పాడింది కాస్త తర్వాత మీ చెవిలో పడుతుంది. 128కి దించితే మూడు మిల్లీసెకన్లే, మనిషికి తెలియనే తెలియదు. కానీ ఆలస్యంగా వినిపించే గొంతుతో పోటీపడి పాడితేనే తాళం మీద పట్టు చిక్కుతుంది.

కరెంటు సంగతి చెప్పకపోతే అన్యాయం. జెన్‌కో పుట్టించి, ట్రాన్స్‌కో మోసుకొచ్చి, ఎన్‌పీడీసీఎల్ మన గోడలోకి పంపే కరెంటు 50 హెర్ట్జ్. పియానో మీద కింది 'జి' స్వరం 49. అంటే రెండు కాళ్ల ప్లగ్గు, ఎర్తింగ్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు, లాప్‌టాప్ చార్జరు, అన్నీ ఒకే బోర్డుకు తగిలిస్తే మీకు జీవితకాలం ఉచితంగా మోగే తంబురా దొరికినట్టే. జి శ్రుతిలో పాడేయండి. సరిగ్గా జి కాదు, అరమెట్టులో దాదాపు మూడో వంతు పైన ఉంటుంది. వినేవాళ్లు కర్ణాటక సంగీతం అనుకుంటారు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద పాడితే తంబురా పక్కన తుమ్మెద కూడా చేరుతుంది. పాడే ఐదు నిమిషాలు చార్జరు పీకేసి లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపితే ఈ మోతలో సగం పోతుందన్న ముక్క మీ చెవిన వేసేవాళ్లను గదిలోకి రానివ్వకండి.

రికార్డు చేసేటప్పుడు ఎర్ర లైటు వెలగాలి. పచ్చలైటు పిరికివాళ్లది. డిజిటల్లో సున్నా డెసిబెల్ దాటితే అల తల తెగిపోతుంది, తెగిన తల మళ్లీ అతకదు. 24 బిట్లలో రికార్డు చేస్తే కింద బోలెడు జాగా ఉంటుంది, గట్టిగా పాడినప్పుడు కూడా మైనస్ పది దగ్గర ఆగేట్టు పెట్టుకుంటే చాలు అంటారు. మైనస్ అనే మాట శుభకార్యంలో వాడొచ్చా?

బోధన్ రాకాసిపేటలో ఒకింట్లో జరిగిన సంగతి చెబుతాను, మీ ఇంట్లో జరగకుండా చూసుకోండి. బతుకమ్మ పండుగకు పాట విడుదల చేయాలని భార్యాభర్తలు కూర్చున్నారు. ఆమె పాట, అతను క్యాషియో. గది మూలన అతని తల్లి. వీపు వెనక బొంతల గుట్ట, ఒళ్లో చాట, చాటలో బీడీల తునికాకు, చేతిలో కత్తెర. కోడలు రాగం ఎత్తుకోగానే కత్తెర 'కచ్' మంటుంది.

"అమ్మా, జరసేపు ఆపవే."

"పొద్దుగూకక ముందే కార్ఖాన్ల లెక్క అప్పజెప్పాలె. నీ పాట ఆపుకోరా, నా చెయ్యి ఆగది."

"అత్తమ్మా, ఒక్క పాటనే గదా..."

"పాడు బిడ్డా, నేనేమన్న వద్దన్ననా?"

పాడింది. రెండో చరణంలో మాటలు మరిచింది. మళ్లీ పాడింది. కుక్కరు కూసింది. మళ్లీ పాడింది. ఎర్ర లైటు వెలిగింది, కరెంటు పోయింది. విసుగొచ్చి ఆమె వంటింట్లోకి, అతను బయట మోటారు దగ్గరికి పోయారు. వీడియో కోసమని ఆన్ చేసి బొంతల గుట్టకు ఆనించిన ఫోను అట్లాగే ఉండిపోయింది. ఫ్యాన్ లేదు, కూలర్ లేదు. ముసలమ్మ ఆకు కత్తిరిస్తూ అదే పాటను తనలో తాను అనుకుంది, తొమ్మిది చరణాలూ వరసగా, ఒక్క మాట పొల్లుపోకుండా. కత్తెర ప్రతి ఆవర్తానికీ సరిగ్గా ఒకే చోట పడింది. దాన్ని మాస్టారు విని, ఇదే ఉంచు తమ్మీ, కింద మెత్తగా కీబోర్డు వాయించు, ఇంకేం చెయ్యకు అన్నారట.

చూశారా, ఒక్క పొరపాటుతో ఎంత పని జరిగేదో! ఫ్లెక్స్ మీద ఆమె ఫోటో లేదు. మైకులో పాడలేదు. కోడిగుడ్ల అట్టలున్న గోడ వైపు కూర్చోనైనా కూర్చోలేదు. అలాంటి ఫైలు మీ ఫోనులో కనిపిస్తే వెంటనే డిలీట్ కొట్టండి. డిలీట్ అయినవి చాలా ఫోన్లలో నెల రోజులు వేరే ఫోల్డర్‌లో దాక్కుంటాయి, అక్కడికి కూడా పోయి తీసేయండి.

మిక్సింగ్‌కు కష్టపడనక్కర్లేదు. ఫోను స్పీకర్లో విని చేసేయండి. అందులో కింది స్వరాలు వినిపించవు కాబట్టి బాస్ వినిపించేదాకా పెంచుతూ పోండి, కారులో పెట్టినవాళ్లకు డోర్లు అదురుతాయి. అన్నిటికంటే బిగ్గరగా ఉండాలని చివర్లో శబ్దాన్ని గోడకు నొక్కినట్టు నొక్కండి. యూట్యూబ్ ఎట్లాగూ అందరి మోతనూ దాదాపు ఒకే మట్టానికి దించేస్తుంది, నొక్కుడు దెబ్బ మాత్రం పాటకు మిగులుతుంది. మిగలనివ్వండి, గుర్తుగా.

ఇప్పుడు లెక్క చూసుకోండి. ఫ్లెక్స్, గుడ్లు, కిట్, బాక్సుల అద్దె, ప్రారంభోత్సవం టిఫిన్లు. 30 వేలలో ఏమైనా మిగిలితే వీడియోకు డ్రోన్ మాట్లాడుకోండి. అలీసాగర్ కట్ట మీద రెండు షాట్లు, జానకంపేట దగ్గర అశోక్‌సాగర్‌లో సరస్వతి విగ్రహం చుట్టూ ఒక రౌండు, కందకుర్తిలో గోదావరి, మంజీర కలిసే చోట చివరి షాటు. మిగలకపోతే అప్పు చేసి మాట్లాడుకోండి. డ్రోన్ వాళ్లకు అడ్వాన్స్ ముందే ఇవ్వాలి.